వైల్డ్‌క్యాట్ తూటానా, కంపెనీ తూటానా: దూరపు వేట రైఫిల్‌కు ఏది ఎంచుకోవాలి

మా మేనల్లుడు కొలరాడోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఎల్క్ (పెద్ద జింక జాతి జంతువు) వేట లైసెన్సు ఈసారి డ్రాలో తగిలిందని, తన దగ్గరున్న పాత .30-06 తూటా రైఫిల్‌కు బ్యారెల్ అరిగిపోయింది కనుక కొత్తది వేయించాలనుకుంటున్నానని, వేయించేదేదో మామూలు తూటాకు కాకుండా మంచి వేగమున్న వైల్డ్‌క్యాట్‌కే, అంటే కంపెనీల ప్రమాణంలో లేని సొంత కొలతల తూటాకే, వేయిస్తే ఎలా ఉంటుందని మొన్న ఫోనులో అడిగాడు. హన్మకొండలో కూర్చున్న నన్ను ఈ సంగతి అడగడానికి కారణముంది. వరంగల్ ఐటీఐలో టర్నర్ పని నేర్చుకున్న నేను, కొలరాడోలోనే ఒక మెషిన్ షాపులో 18 ఏళ్లు పనిచేసి, అక్కడ ఒక వైల్డ్‌క్యాట్ రైఫిల్‌ను తయారు చేయించుకుని, దాని సుఖమూ కష్టమూ రెండూ చూసి తిరిగి వచ్చినవాణ్ని. వాడికి విడతలు విడతలుగా చెప్పినదాన్నే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా చట్టం సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. లైసెన్సు లేకుండా ఇంట్లో తూటాలు తయారు చేసుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి పాకాల, ఏటూరునాగారం అడవుల పక్కన పుట్టిపెరిగిన మనకు ఈ విద్య ఇక్కడ పనికివచ్చేది కాదు, కింద రాసినదంతా అమెరికాలో చట్టబద్ధంగా వేటాడేవారి కోసమే. అక్కడ కూడా హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టం మామూలుగా అనుమతించదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. బ్యారెల్ సంగతి ఆలోచించేముందు ఆ కాగితం గడువు తేదీ చూసుకోవాలి.

వైల్డ్‌క్యాట్ అంటే తూటా తయారీదారుల సంస్థ ప్రమాణాలలోకి ఎక్కని తూటా. అమెరికాలో 1926 నుంచి శామీ అనే సంస్థ, ఐరోపాలో సీఐపీ, ఒక్కొక్క తూటాకు ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే గది) కొలతలనూ గరిష్ఠ ఒత్తిడినీ నిర్ణయించి ప్రకటిస్తాయి. ఆ పట్టికలో లేకుండా, ఒక ప్రామాణిక తూటా ఇత్తడి కేసునే (మందు నింపి, మూతిలో గుండు బిగించే గొట్టాన్ని) తీసుకుని, గుండును పట్టుకునే దాని మెడను సన్నం చేసో వెడల్పు చేసో, మెడ కింది భుజాన్ని నిటారు చేసో ఒక గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) తన లెక్కతో పుట్టించినది వైల్డ్‌క్యాట్. ఈ అడవి పిల్లుల్లో మంచివి కాలక్రమంలో ఇంటి పిల్లులైపోతాయి. .25-06 సుమారు 1920 నుంచి వైల్డ్‌క్యాట్‌గా తిరిగి 1969లో రెమింగ్టన్ కంపెనీ చేతిలో ప్రామాణిక తూటా అయింది. .22-250 కథ 1965లో అలాగే ముగిసింది. 7ఎంఎం-08 1980లో, 6.5-284 నార్మా కంపెనీ ద్వారా 1999లో ఆ దారినే వచ్చాయి. పి.ఓ. ఆక్లీ అనే గన్‌స్మిత్ భుజాన్ని 40 డిగ్రీలకు నిలబెట్టి తీర్చిన .280 ఆక్లీ ఇంప్రూవ్డ్‌ను 2007లో నోస్లర్ కంపెనీ శామీలో నమోదు చేయించింది. ఈ చరిత్ర ఎంపికకు పనికివస్తుంది. దాదాపు నూరేళ్లుగా ఇందరు తలలు బద్దలు కొట్టుకున్న తరువాత మిగిలిన మంచి ఆలోచనల్లో చాలా భాగం ఇప్పుడు దుకాణంలో అట్టపెట్టెలోనే దొరుకుతున్నాయి.

ఇక్కడొక చిన్న పక్కమాట. తూటాలను పుట్టించేది వేగం మీది మోజు ఒక్కటే కాదు, చట్టం కూడా. బ్రిటిష్ పాలనలో, ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో, భారతదేశంలోకి .450 తుపాకుల దిగుమతిని నిషేధిస్తే, ఆ లోటు తీర్చడానికే లండన్ కంపెనీలు .470, .465 వంటి పెద్ద తూటాలను తెచ్చాయి. మన పల్లెల్లో లైసెన్సుదారుల దగ్గర ఇప్పటికీ కనబడే .315 రైఫిల్ కూడా .303 సైన్యం తూటా కనుక పౌరులకు దొరకనందువల్ల నిలబడినదే.

ఇప్పుడు అసలు విషయం. బ్యారెల్ మార్చేవారు మొట్టమొదట చూడవలసింది తూటాల పట్టిక కాదు, తమ రైఫిల్ బోల్ట్ ఫేస్, అంటే తూటా అడుగును పట్టుకునే బోల్ట్ ముఖం. .30-06 రైఫిల్ బోల్ట్ 0.473 అంగుళాల అడుగున్న కేసును పట్టుకుంటుంది. 6.5 పీఆర్‌సీ, 7ఎంఎం పీఆర్‌సీ, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ వంటివాటి అడుగు సుమారు 0.532 అంగుళాలు. కాబట్టి మా వాడి రైఫిల్‌కు ఇలాంటి మాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే) తూటా వేయించాలంటే బోల్ట్‌ను కూడా మార్చడమో, దాని ముఖాన్ని తొలిపించడమో చేయాలి. ఆ ఖర్చు బ్యారెల్ ఖర్చు మీద అదనం. ఉన్న బోల్ట్‌నే ఉంచుకుంటే నేను తూచి చూసిన దారులు మూడు: .280 ఆక్లీ, .30-06 ఆక్లీ, నేను పెట్టుకున్న 6.5-06 ఆక్లీ. మాగ్నమ్ వైపు వెళితే 6.5 పీఆర్‌సీ, 7ఎంఎం పీఆర్‌సీ, 28 నోస్లర్ అనే కంపెనీ తూటాలు, వాటికి పోటీగా .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ మెడను 7 మిల్లీమీటర్లకు నొక్కి చేసే వైల్డ్‌క్యాట్.

వేగం దగ్గర పిండికొద్దీ రొట్టె అన్న సామెత సగమే నిజం. చేయి తిరిగినవారు వాడే మోటు లెక్క ఒకటుంది: ఒత్తిడి పెంచకుండా కేసు లోపలి జాగాను 4 శాతం పెంచితే వేగం ఒక శాతం పెరుగుతుంది. అంటే ఆక్లీ పద్ధతిలో భుజం నిలబెట్టి 8 శాతం జాగా సంపాదించినా, సెకనుకు 2,900 అడుగుల వేగం మీద కలిసివచ్చేది 58 అడుగులు. రెండు వేర్వేరు కంపెనీల బ్యారెళ్ల మధ్య, ఒకే తూటాతో, అంత తేడా ఊరికే కనబడుతుంది. వైల్డ్‌క్యాట్లకు 200 అడుగుల లాభం వచ్చిందని చెప్పుకునేవారిలో చాలామంది ఆ లాభాన్ని ఆకారం నుంచి కాక ఒత్తిడి నుంచి తెచ్చుకున్నవారే. ప్రామాణిక తూటాకు గరిష్ఠ ఒత్తిడి అచ్చులో ఉంటుంది: 6.5 క్రీడ్‌మోర్ అనే కంపెనీ తూటాకు చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, 6.5 పీఆర్‌సీకి 65,000. వైల్డ్‌క్యాట్‌కు ఆ గీత గీసినవారు ఎవరూ లేరు. బోల్ట్ ఎత్తేటప్పుడు బిగుసుకోవడం, కేసు అడుగున మెరుపు మచ్చ పడడం వంటి గుర్తులు గీత దాటిన తరువాతే కనిపిస్తాయి.

సరే, ఆ అదనపు వేగం వేటలో ఏం కొనిపెడుతుంది? ఈ ప్రశ్న దగ్గరే మా వాడూ నేనూ గంటసేపు వాదించుకున్నాం. "గంత స్పీడుల పోతాంటే గాలేం జేస్తది మామా?" అన్నాడు. కాగితం తీసుకొమ్మని చెప్పి లెక్క వేయించాను. 143 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) ఒకే గుండును 6.5 క్రీడ్‌మోర్ సెకనుకు 2,700 అడుగుల వేగంతోను, 6.5 పీఆర్‌సీ 2,960 అడుగుల వేగంతోను పంపుతాయి. 500 గజాలు చేరడానికి మొదటిదానికి సుమారు 0.65 సెకను, రెండవదానికి 0.59 సెకను పడుతుంది. గంటకు 10 మైళ్ల గాలి అడ్డంగా వీస్తుంటే మొదటిది దాదాపు 16 అంగుళాలు, రెండవది దాదాపు 14 అంగుళాలు పక్కకు జరుగుతాయి. 260 అడుగుల వేగానికి, అంటే ఏ వైల్డ్‌క్యాట్ మార్పూ నిజాయితీగా ఇవ్వలేనంత లాభానికి, గాలిలో దక్కినది రెండు అంగుళాలు. అదే చోట గాలి 10 అనుకున్నది నిజానికి 15 అయితే వచ్చే తప్పు ఏడెనిమిది అంగుళాలు. లోయ అవతల గడ్డి ఎటు వంగుతున్నదో చదవలేకపోతే ఏ తూటా అయినా ఒకటే. చదవగలిగితే రెండు అంగుళాలు పెద్ద విషయం కాదు.

గుండు కిందికి జారడం సంగతి ఇంకా తేలిక. దూరాన్ని కంటితో అంచనా కట్టే రోజుల్లో చదునుగా పోయే తూటాకు నిజమైన విలువ ఉండేది. ఎందుకంటే 350 గజాలను 300 అనుకున్నా గుండు తగలవలసిన చోటికి దగ్గరలోనే పడేది. వైల్డ్‌క్యాట్ల మోజు పెరిగింది కూడా ఆ కాలంలోనే. ఇప్పుడు లేజర్ రేంజ్‌ఫైండర్ గజం అటూఇటూగా దూరం చెబుతుంది, స్కోప్ మీది చక్రం తిప్పితే సరిపోతుంది.

వేగానికి మిగిలిన నిజమైన ప్రయోజనం ఒకటుంది, దాన్ని కాదనను. చాలా వేట గుండ్లు జంతువు శరీరంలో విచ్చుకోవాలంటే తగిలేటప్పటికి సెకనుకు సుమారు 1,800 అడుగుల వేగమైనా మిగిలి ఉండాలి. పై రెండింటిలో పీఆర్‌సీ ఆ హద్దును క్రీడ్‌మోర్ కంటే నూరు గజాలకు పైగా దూరం వరకు కాపాడుతుంది. అయితే అదే వేగం దగ్గర్లో ఎదురు తిరుగుతుంది. దూరంలో విచ్చుకోవడానికి మెత్తగా చేసిన గుండు, 60 గజాల్లో పొదల్లోంచి లేచిన జంతువు భుజపుటెముకకు పూర్తి వేగంతో తగిలితే లోపలికి దిగకుండా పైనే చిట్లిపోయి, మాంసాన్ని పాడు చేసి, జంతువును గాయంతో పారిపోనిస్తుంది. గట్టి రాగి గుండు వేస్తే దగ్గర సమస్య తీరుతుంది, దూరంలో విచ్చుకోవడం కష్టమవుతుంది. కాబట్టి వేగం పెంచుతున్నకొద్దీ గుండు ఎంపిక ఇరుకవుతుందే గాని తేలిక కాదు. కొలరాడో నియమం ఎల్క్‌కు అడిగేది .24 అంగుళాల వ్యాసం, 85 గ్రెయిన్ల గుండు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి మాత్రమే. పైన చెప్పుకున్న తూటాలన్నీ దాన్ని సునాయాసంగా దాటుతాయి.

ఇక వైల్డ్‌క్యాట్‌కు అయ్యే అసలు ఖర్చు, అంటే సమయం. ఛాంబర్ కోసే రీమర్‌ను కొనడమో అద్దెకు తేవడమో చేయాలి. తూటా కట్టే డైలు (కేసును ఆకారానికి నొక్కే అచ్చులు) ఆర్డరు మీద చేయించాలి, వాటికి నెలలు పట్టవచ్చు. తరువాత కేసులు. కొత్త కేసు ఛాంబర్ ఆకారానికి రావాలంటే ఒకసారి దానిలో పేల్చాలి. దీన్నే ఫైర్‌ఫార్మింగ్ అంటారు. వంద కేసులంటే వంద పేలుళ్లు. వేగమున్న ఇలాంటి తూటాతో బ్యారెల్ కచ్చితత్వం వెయ్యి, పన్నెండు వందల పేలుళ్లలో తగ్గడం మొదలవుతుందనుకుంటే, కేసులు తయారు చేసుకోవడంలోనే బ్యారెల్ ఆయుష్షులో పదో వంతు కరిగిపోయిందన్నమాట. నా మొదటి విడతలో ఇరవై కేసుల్లో మూడింటికి మెడ దగ్గర వెంట్రుక మందాన చీలిక వచ్చింది. చేత్తో తిప్పుతూ కిటికీ వెలుగుకు పట్టుకుంటే తప్ప కనబడనిది. మెడను సరిగా కాల్చి మెత్తబరచకుండానే నొక్కడం నా తప్పు. ఆక్లీ రకాలకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది: ఛాంబర్ సరైన కొలతతో కోసి ఉంటే మూల తూటానే, అంటే దుకాణంలో కొన్న .280 రెమింగ్టన్‌నే, దానిలో పేల్చవచ్చు. ఆ పేలుడు వేటలో జరిగినా కేసు తయారవుతుంది. నా 6.5-06 ఆక్లీకి ఆ అదృష్టం లేదు, ఎందుకంటే దాని మూల తూటా నేను తిరిగిన ఏ దుకాణం అరలోనూ కనబడలేదు.

బ్యారెల్ అరుగుదల అంటే ఏమిటో ఒకసారి కళ్లారా చూశాను. మా షాపులోని బోర్‌స్కోప్ కెమెరాను ఛాంబర్ ముందున్న గొంతు భాగంలోకి దింపితే, ఎండాకాలం నెర్రెలు బాసిన చెరువు అడుగులాగా ఉక్కు మీద పలకలు పలకలుగా పగుళ్లు కనిపించాయి. అప్పటికి పేల్చినవి తొమ్మిది వందలు దాటలేదు. సన్నని గొట్టంలోంచి ఎక్కువ మందు మండితే వేడంతా గొంతు మీదే పడుతుంది. 28 నోస్లర్ వంటి పెద్ద కేసులతో ఇది ఇంకా తొందరగా వస్తుంది. 6.5 క్రీడ్‌మోర్ అదే పనిని రెండున్నర వేల పేలుళ్ల వరకు చేయగలదు. ఏడాదికి యాభై తూటాలు పేల్చే వేటగాడికి ఇదొక లెక్కలోది కాదు, నిజమే. కాని ఏడాదికి యాభై మాత్రమే పేల్చేవాడు 500 గజాల దూరాన జంతువు మీద గురిపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

వైల్డ్‌క్యాట్ మీద నా మనసు విరిగింది మాత్రం బ్యారెల్ వల్ల కాదు. ఒక అక్టోబరులో మోంటానాకు విమానంలో వెళ్లాను. రైఫిల్ పెట్టె ఒకటి, తూటాలున్న బ్యాగు వేరొకటి; రెండూ కలిపి పెట్టుకోవలసింది, పెట్టుకోలేదు. రైఫిల్ వచ్చింది, బ్యాగు రాలేదు. ఆ చిన్న ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో .30-06 ఉంది, .270 ఉంది, 7ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ ఉంది, 6.5 క్రీడ్‌మోర్ అయితే మూడు రకాలుంది. నా తూటా పేరు చెబితే కౌంటరులో ఉన్న పెద్దాయన మర్యాదగా నవ్వాడు. మూడో రోజు సాయంత్రం బ్యాగు వచ్చేదాకా బైనాక్యులర్లు పట్టుకుని కొండ మీద కూర్చున్నాను. తిరిగి ఇండియాకు వచ్చేటప్పుడు ఆ రైఫిల్‌ను అమ్మబోతే, కొనేవారందరూ బ్యారెల్‌ను విప్పి పారేయవలసిన ఇనుము కిందే లెక్కగట్టారు. బోల్ట్ ఉండే యాక్షన్ భాగానికి మాత్రమే ధర పలికింది.

మరి ఏది తీసుకోవాలి? ఉన్న బోల్ట్‌తోనే బ్యారెల్ మార్చేవారికి .280 ఆక్లీ కంటే మంచి ఎంపిక నాకు కనబడదు. వైల్డ్‌క్యాట్ గుణమంతా దానిలో ఉంది, వైల్డ్‌క్యాట్ చాకిరీ లేదు. కేసులూ డైలూ కట్టిన తూటాలూ దొరుకుతాయి, లేనిచోట .280 రెమింగ్టన్ పేల్చుకోవచ్చు. .30-06 ఆక్లీ గురించి ఎక్కువ చెప్పను. మామూలు .30-06 మీద దానికి వచ్చే లాభం బ్యారెల్ మార్పించేంతటిది కాదు. 6.5-06 ఆక్లీ మంచి తూటాయే, నేను ప్రేమించినదే, కాని 6.5 పీఆర్‌సీ 2018లో బజారుకు వచ్చాక దాన్ని కొత్తగా చేయించుకోవడానికి కారణం మిగల్లేదు.

మాగ్నమ్ బోల్ట్ ఉన్నవారికీ ఎల్క్ వంటి పెద్ద జంతువే ముఖ్యమైనవారికీ, 2022లో హార్నడీ కంపెనీ తెచ్చిన 7ఎంఎం పీఆర్‌సీ సరైనది. 175 గ్రెయిన్ల గుండును సెకనుకు 3,000 అడుగుల వేగంతో పంపుతుంది. .300 మాగ్నమ్ కేసుతో చేసే 7 మిల్లీమీటర్ల వైల్డ్‌క్యాట్ దీనికంటే కొంచెం వేగంగా పోగలదు, కేసులు కూడా ఒక్కసారి డైలో నొక్కితే తయారవుతాయి. వైల్డ్‌క్యాట్లలో ఇంత తేలికైనది అరుదు. కాని దాని కేసు 2.62 అంగుళాల పొడవు, పీఆర్‌సీ కేసు 2.28. పొడవైన బరువు గుండు పెట్టి తూటాను మామూలు మ్యాగజైన్‌లో పట్టించాలంటే, పొడవు కేసులో గుండు అడుగుభాగం మందు జాగాలోకి దిగిపోతుంది. సంపాదించిన జాగాను గుండే తినేస్తుంది. ఇంకో మాట: ఒకే 8 పౌండ్ల రైఫిల్‌లో 7ఎంఎం పీఆర్‌సీ భుజానికి ఇచ్చే దెబ్బ 6.5 క్రీడ్‌మోర్ దెబ్బకు రెట్టింపు పైమాటే. దానికి కళ్లు మూసుకునే అలవాటు పడితే వేగమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి జంతువు), డీర్ వరకే వేటాడేవారు, 400 గజాలు దాటనివారు క్రీడ్‌మోర్‌తో ఆగిపోవచ్చు.

వైల్డ్‌క్యాట్ ఎవరికి తగునంటే, లేత్ ముందు నిలబడడమే సంతోషం అయినవారికి, శీతకాలపు సాయంత్రాలు కేసుల మెడలు చెక్కుతూ గడపడం వేటలో భాగమే అనుకునేవారికి. అటువంటివారికి నా లెక్కలతో పని లేదు. పాత వైల్డ్‌క్యాట్ రైఫిల్ చవకగా వస్తున్నదని కొనేవారు మాత్రం మూడు పనులు చేయాలి. బ్యారెల్ మీద చెక్కిన పేరును నమ్మకుండా గన్‌స్మిత్ చేత ఛాంబర్ అచ్చు తీయించి కొలిపించాలి; ఎందుకంటే పాత గన్‌స్మిత్‌లు కోసిన ఆక్లీ ఛాంబర్లన్నీ ఒకే కొలత కావు. డైలూ పేల్చిన కేసులూ రైఫిల్‌తోపాటే అడిగి తీసుకోవాలి. అమ్మేవాడు రాసుకున్న మందు లెక్కల కాగితాన్ని మాత్రం మర్యాదగా తిరిగి ఇచ్చేయాలి; ఆ ఛాంబర్‌లో ఆయనకు చెల్లిన లెక్క వేరే కేసుతో, వేరే గుండుతో మీకు చెల్లుతుందన్న హామీ ఏదీ లేదు.

మా వాడు చివరికి .280 ఆక్లీ బ్యారెల్‌కే ఆర్డరు ఇచ్చాడు. బోల్ట్ మార్పు తప్పించుకోగా మిగిలిన డబ్బుతో తూటాలు కొని, ప్రతి శనివారం రేంజికి వెళ్లి, గాలి వీచే రోజులను ఏరుకుని మరీ పేలుస్తున్నానని నిన్న చెప్పాడు. మొదటి వారం 400 గజాల బోర్డు మీద గుండ్లన్నీ ఎడమకే పడ్డాయట.